ఎర్రకారు లెక్క చెప్పు సేటూ

శ్యాంసుందర్ సేటు ఎర్రకారు అమ్మిండన్న ముచ్చట విని అందరికంటె ఎక్కువ బాధపడ్డది బైపాస్ మీది పెట్రోల్ బంకాయన. ఇంట్ల మనిషి పోయినట్టే చేసిండు. చెయ్యడా మరి! ఆ కారు లీటరుకు ఆరు కిలోమీటర్లు ఇచ్చేది. అదిగూడ కాలు మెత్తగ పెడితె. సేటుకు మెత్తగ ఏదీ రాదు.

రెండు తలుపులు, రెండు సీట్లు, భూమికి జానెడెత్తు. హైదరాబాద్ల ఎవడో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు. కరీంనగర్ల ఎవని ఇంటి ముందట వాడు ఏసుకున్న స్పీడ్ బ్రేకర్లే ఎక్కువ. ప్రతిదానికీ దాని పొట్ట గీరేది. అందుకని స్పీడ్ బ్రేకర్ రాంగనె డ్రైవర్ ఫజలుద్దీన్ సేటును దింపేటోడు. మనిషి దిగితె కారు రెండు వేళ్లంత పైకి లేస్తది. సేటు ఎండల రోడ్డు పక్కకు నిలబడితె, ఫజలుద్దీన్ కారును అడ్డం తిప్పి ఒక్కో చక్రం దాటించేటోడు. కోటి రూపాయల కారున్నోడు గల్లీ గల్లీకి దిగి నడిచేటోడన్నట్టు.

సప్పుడు మాత్రం అడవిల పులి లెక్క. ఫంక్షన్ హాల్ కాడ కారు ఆపితె బంద్ చెయ్యనిచ్చేటోడు గాదు సేటు. "ఒర్రనియ్యిరా ఫజల్. నేను లోపట ఉన్ననని అందరికీ తెల్వాలె" అనేటోడు. సేటు లోపట బిర్యానీ తింటుంటె అది బయట రెండు గంటలు పెట్రోల్ తాగేది. పందొమ్మిదేండ్ల సంది సేటు కాడ డ్రైవర్ చేస్తున్న ఫజలుద్దీన్‌ను ఆ పెట్రోల్ సంగతి ఒక్కనాడు ఒక్కమాట అడిగినోడు లేడు.

గసొంటి కారు ఎందుకు పోయిందంటె, ఎడ్ల వల్ల.

పోయిన చలికాలం ఆదిలాబాద్ల పత్తి వ్యాపారి ఇంట్ల పెండ్లికి పోతుండ్రు. పెట్రోల్ ముల్లు ఎర్రగీత మీదికొచ్చిందని ఫజలుద్దీన్ నిర్మల్లనే చెప్పిండు. "ముహూర్తం దాటిపోతది, నడువ్" అన్నడు సేటు. ఘాటు రోడ్డు ఎక్కి కొంచెం దూరం పోంగనె కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పత్తిబండి తోలుకొస్తున్న ముసలి రైతు ఒకాయన దిగి, "కాయ్ ఝాలా సేట్?" అని మరాఠీల అడుగుకుంట కారు చుట్టు తిరిగిండు. పెట్రోల్ అయిపోయిందని తెలుసుకున్నడు. ఎడ్లను బండి నుంచి విప్పిండు, తెచ్చి కారుకు కట్టిండు. బంకు దాక మూడు కిలోమీటర్లు! సేటు నల్లద్దాలు పెట్టుకోని, తల కిందికేసుకోని లోపట కూసున్నడు. ఎనకొచ్చిన లారీ డ్రైవరొకడు ఫోన్ల పట్టిండు. సేటు పెండ్లికాడికి చేరకముందె ఆ వీడియో చేరింది. పెండ్లిపిల్ల గూడ తలంబ్రాల నడుమ ఫోను చూసి నవ్వింది.

పదిహేను రోజులల్ల ఎర్రకారు పోయింది, తెల్లకారు వచ్చింది. ఏడు సీట్ల పెద్దకారు. హైబ్రిడ్. మెల్లగ పోతే బ్యాటరీ మీద నడుస్తది, ఉరికితే పెట్రోల్ మీద నడుస్తది, ఎప్పుడేదో అదే చూసుకుంటది. లీటరుకు ఇరవై పైన ఇస్తదన్నరు షోరూమోళ్లు.

పూజకు వేములవాడ తీసుకపోయిండ్రు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు ఫజలుద్దీనే పెట్టిండు. సేటు కొన్న ప్రతి బండికీ ఆయనే పెట్టిండు, పూజారి అయ్యగారు గూడ నిమ్మకాయల సంగతి ఆయననే అడుగుతడు. సేటు స్టీరింగ్ ముందట కూసోని బటన్ నొక్కిండు. సప్పుడు లేదు. ఎర్రకారు ఒర్రుడుకు అలవాటు పడ్డ చెవులాయె, స్టార్ట్ కాలేదనుకోని మళ్ల నొక్కిండు. ఒకసారి నొక్కితె ఆన్, ఇంకోసారి నొక్కితె బంద్. పదకొండుసార్లు నొక్కిండు. "సేట్, అది స్టార్ట్ అయ్యే ఉన్నది" అని ఫజలుద్దీన్ కిటికీల తల పెట్టి చెప్తుంటె, "సప్పుడు లేకుండ స్టార్ట్ అయ్యే బండి ఎక్కడన్న ఉంటదారా!" అని కసురుకున్నడు. మంచి గడియ దాటిపోతుందని అయ్యగారు తొందర పెట్టబట్టె. "తోయుండ్రి" అని ఎవరో అన్నరు. నలుగురు ఎనకకొచ్చి భుజాలు ఆనిచ్చిండ్రు. గప్పుడే సేటు గేరేసి కాలు తొక్కిండు. కారు బాణం లెక్క ఉరికింది. తోసెటోళ్లు నలుగురు బొక్కబోర్ల పడ్డరు. నిమ్మకాయలు నలిగినయ్, కొబ్బరికాయల దుకాణం ముందట ఎవరియో ఏడు జతల చెప్పులు నలిగినయ్.

గట్ల మొదలైంది పొదుపు.

సేటుది గ్రానైటు యార్డు, బైపాస్ దాటినంక. పన్నెండుమంది ఆడోళ్లు ఆడ రాతి పలకలు కడిగి, తుడిచి, లారీకి ఎక్కించేటందుకు తయారు చేస్తరు. మే నెల ఎండ. రాయి మీద నీళ్లు పోస్తె పొగ లేస్తది. రేకుల షెడ్డు ఉన్నది గని అది మిషన్లకు. మిషన్ వేడెక్కితె చెడిపోతది, రిపేరుకు పైసలైతయ్. మనిషి వేడెక్కి చెడిపోతే ఇంకో మనిషి దొరుకుతది. సేటు లెక్క సేటుది.

ఎర్రకారున్న రోజులల్ల ఆ ఆడోళ్లకు ఒక్క సుఖముండె. అది బైపాస్ ఎక్కంగనె ఒర్రుడు ఇనొచ్చేది. పులి వస్తుందని తెల్వంగనె నడుం వాల్చినోళ్లు లేచి పని పట్టుకునేటోళ్లు. తెల్లకారు పిల్లి లెక్క వచ్చి పక్కన నిలబడుతది. మొదటి వారంలనే సేటు ముగ్గురిని పట్టుకోని సగం కూలి కోసిండు. పెట్రోల్ మిగిలిందో లేదో గని, గిది మాత్రం బాగ గిట్టుబాటైంది ఆయనకు.

ఒకనాడు పగటిపూట కమలవ్వ కండ్లు తిరిగి పలకల నడుమ పడ్డది. అరవై దగ్గరి మనిషి, గొంతు మాత్రం ఇరవైది. సేటు ఆఫీసు రూముల ఏసీ ఏసుకోని గుర్రు పెడుతున్నడు. ఫజలుద్దీన్ ఆమెను తెచ్చి తెల్లకారుల కూసోబెట్టి బటన్ నొక్కిండు. సల్లగాలి వచ్చింది. సప్పుడు లేదు. నాలుగడుగుల దూరంల ఉన్న వాచ్‌మన్‌కు గూడ కారు నడుస్తున్నట్టు తెల్వలే.

"యా అల్లా" అనుకున్నడు ఫజలుద్దీన్. గిది కారా, ఎవరికీ కానరాని చెట్టు నీడనా!

మరునాడు ఇద్దరొచ్చిండ్రు. నాలుగోనాటికి వంతులు పడ్డయ్. సేటు పండుకున్న గంటల ఆరుగురొకసారి, ఆరుగురొకసారి. సీట్ల మీద పాత దుప్పటి పరుచుడు, దిగినంక దులుపుడు ఫజలుద్దీన్ పని. బెల్టు పెట్టుకోలేదని కారు టింగుటింగుమంటె, "పెట్టుకుంటం తియ్యవే, నువ్వొకదానివి మొదలైనవు" అని కమలవ్వ దాన్ని కసిరేది.

నెల తిరిగెటాలకు లీటరుకు పద్నాలుగు తేలింది. ఆరు ఇచ్చినప్పుడు అడగని సేటు పద్నాలుగు ఇచ్చిందని అడిగిండు. అడుగుడు గాదు, యార్డు గేటు కాడ, లారీ డ్రైవర్లు, ఆడోళ్లు, వాచ్‌మన్ అందరు చూస్తుండంగ ఒర్రిండు.

"షోరూమోళ్లు ఇరవై అన్నరు, నువ్వు పద్నాలుగు తెస్తున్నవ్. మిగిలిన ఆరు ఎవనికి అమ్ముకుంటున్నవ్‌రా? పెట్రోల్ దొంగ!"

ఫజలుద్దీన్ నోరు తెరిచిండు. చూస్తున్న ఆడోళ్ల దిక్కు ఒకసారి చూసిండు. నోరు మూసుకున్నడు. నిజం చెప్తె పన్నెండుమందిని రేపటి సంది రావద్దంటడు. చెప్పకపోతె తన పేరు పోతది. కరీంనగర్ల డ్రైవర్‌కు తాగుబోతన్న పేరొచ్చినా ఎవడో ఒకడు స్టీరింగ్ ఇస్తడు. పెట్రోల్ దొంగ అన్న పేరొస్తె ఆటో గూడ ఇయ్యరు.

ఇంటికి పోంగనె పెండ్లాం సుగ్రా బేగం మొహం చూసి పట్టేసింది.

"క్యా జీ, గట్లున్నవేంది?"

"సేటు నన్ను చోర్ అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే. అంటె ఆడోళ్ల పని పోతది."

"అనకపోతె నీ పేరు పోతది. పందొమ్మిదేండ్లల నువ్వు సంపాయించింది గదొక్కటే. ఇల్లు సంపాయించినవా, జాగ సంపాయించినవా?"

"పేరు పోతె మళ్ల తెచ్చుకుంట. పని పోతె కమలవ్వ యాడికెల్లి తెచ్చుకుంటది?"

"తెచ్చుకో మరి, జల్దీ తెచ్చుకో. మీకాడ పెట్రోల్ అగ్గువకు దొరుకుతదా అని పక్కింటోళ్లు ఇద్దరు అప్పుడే అడిగి పోయిండ్రు."

సేటు ఊకోలే. కారును షోరూముకు పట్టించిండు. భవ్యశ్రీ అని ఒక ఇంజనీర్ పిల్ల వచ్చి, కారుకు వైరు తగిలించి కంప్యూటర్ల చూసింది.

"బండిల ఏ లోపం లేదు సార్. కానీ రోజూ పగలు ఒకటిన్నర నుంచి రెండున్నర దాక ఒక్కచోటనే ఆగి, ఏసీ నడిచింది. బ్యాటరీ అయిపోయినప్పుడల్ల ఇంజను తనంతట తనే ఆన్ అయి చార్జ్ చేసుకుంది. మీ పెట్రోల్ గట్ల పోయింది."

సేటు మెల్లగ ఫజలుద్దీన్ దిక్కు తిరిగిండు.

"నేనే సేట్" అన్నడు ఫజలుద్దీన్. "ఎండకు తాళలేక పండుకున్న."

భవ్యశ్రీ ఇంకో బటన్ నొక్కింది. పాపం ఆ పిల్లకు ఏం తెలుసు! "ఆ టైంల బెల్టు పెట్టుకోలేదని ఏడు సీట్లకు గంట మోగింది సార్" అన్నది.

"ఒక్కనివే ఏడు సీట్లల్ల పండుకున్నవారా?" అన్నడు సేటు.

ఫజలుద్దీన్ తెల్లకారు దిక్కు చూసిండు. ఎర్రకారు ఒర్రేది గని ఇంటి ముచ్చట బయట పెట్టలే. సప్పుడు లేని దాని కడుపుల ఇన్ని చాడీలున్నయా అనుకున్నడు.

ఎవరని సేటు దారి పొడుగున అడిగిండు. ఫజలుద్దీన్ చెప్పలే. "సరే, నేనే పట్టుకుంట" అన్నడు సేటు. "రేపు నేను ఎనక సీట్ల దాక్కుంట. నువ్వు రోజు లెక్కనె ముందట కూసో. సైగ చేసినా, హారన్ కొట్టినా సీదా పోలీస్ స్టేషనే. పెట్రోల్ దొంగతనం కేసు."

మరునాడు ఒకటిన్నరకు సేటు కారు ఎనక వరుసల అడ్డంగ పండుకున్నడు. ఎర్రకారు అమ్మినప్పుడు దాని మీద కప్పే ఎర్రకవరు ఒక్కటి అమ్మక దాచుకున్నడు. దాన్ని తల నుంచి కాళ్లదాక కప్పుకున్నడు. పక్కకెల్లి చూస్తె పెద్ద మూట. ఫజలుద్దీన్ స్టీరింగ్ పట్టుకోని ఖుదాను తలుచుకున్నడు.

టిఫిను డబ్బ చంకల పెట్టుకోని కమలవ్వ ముందట నడుస్తుంటె ఎనక అయిదుగురు వచ్చిండ్రు.

"ఇయ్యాల పోండ్రి కమలవ్వా. ఏసీ పని చేస్తలే" అన్నడు ఫజలుద్దీన్.

కమలవ్వ తలుపు తీసి చెయ్యి లోపట పెట్టింది. "పని చేస్తలేదంటవ్, సలి పుడుతుంది! గా సేటు దొంగ అన్నప్పటి సంది నీకు మతి పోయినట్టున్నది బిడ్డా. జరుగుండ్రే."

ఆపెటందుకు లేకపాయె. నలుగురు నడిమి వరుసల, ముందట సర్దుకున్నరు. ఎనకకు బుచ్చవ్వ, కమలవ్వ పోయిండ్రు.

"ఇదేం మూటనే?" అన్నది బుచ్చవ్వ.

"ఎర్రకారు బట్ట. కారు అమ్మి బట్ట దాచుకున్నడు సూడు, సచ్చిన పెండ్లాం చీర దాచుకున్నట్టు" అని కమలవ్వ దాని మీదనే కూలబడ్డది.

మూట 'హుక్' అన్నది. అద్దంల చూస్తున్న ఫజలుద్దీన్ కండ్లు గట్టిగ మూసుకున్నడు.

"మెత్తగున్నదే, నువ్వు గూడ కూసో" అన్నది కమలవ్వ. బుచ్చవ్వ గూడ కూసున్నది. డబ్బలు తెరిచిండ్రు. పచ్చిపులుసు వాసన కారంత కమ్ముకున్నది.

"అక్కా, ఆ ఎడ్ల వీడియో నీ ఫోన్ల ఉన్నదా?" అన్నది నడిమి వరుస నుంచి ఒకామె.

"ఉంటది. మనసు బాగలేకపోతె దాన్నే చూస్త. నాకు తెల్వక అడుగుత, ఎడ్లకు మైలేజీ ఎంత వస్తదే?"

కారంత నవ్వింది. ముందట ఫజలుద్దీన్ ఒక్కడే నవ్వలే. "కమలవ్వా, అన్నం తిని జల్దీ పోండ్రి. ముచ్చట్లు వద్దు" అన్నడు, చెమటలు కారుతుంటె.

"పోతం తియ్యి. నువ్వేందయ్య ఏసీల కూసోని చెమట తీస్తున్నవ్? నీ మాదిరి మంచోన్ని పట్టుకోని దొంగ అంటడా వాడు! రెండు గంటలు ఊకె ఒర్రిచ్చి పెట్రోల్ తగలబెట్టినోడు దొర, పడిపోయిన ముసల్దాన్ని సల్లగాలికి కూసోబెట్టినోడు దొంగ. ఆఫీసుల గురక పెట్టెటోనికి ఏసీ కావాలె, రాయి కడిగెటోళ్లకు అక్కెర లేదా?" కమలవ్వ కోపానికొచ్చి చీరకొంగు దులుపుకున్నది. పొద్దటి సంది పలకల కాడ పనిచేసిన కొంగు. తెల్లటి రాతిపొడి మబ్బు లెక్క లేచి ఎర్రకవరు మీద పడ్డది.

మూట తుమ్మింది.

ఒకటి గాదు, వరుసగ ఆరు. ఆరో తుమ్ముకు కమలవ్వ ఎగిరి ముందటి సీటు పట్టుకున్నది, బుచ్చవ్వ డబ్బ బోర్ల పడ్డది. ఎర్రబట్ట కిందికెల్లి సేటు తల బయటికొచ్చింది. జుట్టు నిండ రాతిపొడి, మీసం నిండ పచ్చిపులుసు.

"దిగుండ్రి!" అని ఒర్రిండు. "అందరు! రేపటి సంది ఒక్కరు రావద్దు! నువ్వు గూడరా దొంగా!"

దిగిండ్రు. దిగి పోలే. కమలవ్వ పోయి కారుకు ముందట కూసున్నది. మిగిలిన అయిదుగురు ఎనక కూసున్నరు. వంతు కోసం చూస్తున్న ఆరుగురు వచ్చి రెండు పక్కల కూసున్నరు. గేటు కాడ లారీ నిలబడి ఉన్నది, రాత్రికల్ల ఓడరేవు తొవ్వ పట్టాలె. కడగని పలకలు ఒక్కటి గూడ దానికెక్కవు.

"రేపటి సంది ఎందుకు, ఇప్పటి సందే చెయ్యం" అన్నది కమలవ్వ. "ముందుగాల ఫజలన్నను దొంగ అన్న మాట ఎనకకు తీసుకో. తర్వాత నీడ సంగతి మాట్లాడుదాం."

సేటు తలుపులేసుకోని స్టీరింగ్ ముందట ఏసీల కూసున్నడు. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. బ్యాటరీ అయిపోయి ఇంజను తనంతట తనే గుర్రుమన్నది. బయట ఎండల నిలబడ్డ ఫజలుద్దీన్ అద్దం మీద వేలితో కొట్టిండు.

"సేట్, ఊకె నిలబడి పెట్రోల్ కాలుతుంది. మైలేజీ పడిపోతది."

ఆ మాట సేటుకు యాడ తగలాలెనో ఆడ తగిలింది. బటన్ నొక్కి బంద్ చేసిండు. నలబై ఆరు డిగ్రీల ఎండ, అద్దాల డబ్బ. అయిదు నిమిషాలకు అంగి తడిసింది. పది నిమిషాలకు అద్దం దించిండు. లారీ డ్రైవర్ వచ్చి, "సార్, ఎక్కిస్తరా, ఖాళీగ పోవాల్నా?" అని అడిగిండు. సేటు పలకల దిక్కు చూసిండు, లారీ దిక్కు చూసిండు, బటన్ దిక్కు చూసిండు. తలుపు తీసిండు.

"మీకు గూడ రేకులు ఏయిస్త. కూలర్ పెట్టిస్త. లేవుండ్రి."

"ముందుగాల మొదటిది" అన్నది కమలవ్వ. "ఎక్కడన్నవో గక్కడనే, గేటు కాడ."

గేటు కాడికి నడిచిండ్రు అందరు. సేటు తన చెప్పుల దిక్కు చూసుకుంట పెదవులు కదిలిచ్చిండు.

"ఇనొస్తలే" అన్నది బుచ్చవ్వ.

"ఫజలుద్దీన్ దొంగ కాదు" అన్నడు సేటు, దోమ రెక్కంత సప్పుడుతోటి.

"గిదేంది సేటూ, తెల్లకారు లెక్క!" కమలవ్వ నడుం మీద చెయ్యి పెట్టింది. "దొంగ అన్ననాడు బైపాస్ దాక ఇనొచ్చింది గద! ఎర్రకారు లెక్క చెప్పు."

లారీ డ్రైవర్ ఫోను బయటికి తీస్తున్నడు. సేటుకు ఎడ్లు యాదికొచ్చినయ్. కండ్లు మూసుకోని, గొంతు చించుకోని ఒర్రిండు.

"ఫజలుద్దీన్ పెట్రోల్ దొంగ కాదూ!"

పక్క యార్డుల మనుషులు గోడ మీదికెల్లి తొంగిచూసిండ్రు. ఫజలుద్దీన్ తలమీది టోపీ తీసి, దుమ్ము దులిపి, మళ్ల పెట్టుకున్నడు. ఆడోళ్లు పైపులు పట్టుకోని పలకల మీదికి పోయిండ్రు. రేకులు పడ్డది ఇంకో వారానికి, అదిగూడ రెండుసార్లు పని ఆపినంక. కూలరు పాతదొకటి తెచ్చిండు సేటు. అది అచ్చం ఎర్రకారు లెక్కనె ఒర్రుతది.

గేటు కాడ ఒర్రిన నాడు పొద్దుగూకి సేటు ముందటి సీట్ల కూసున్నడు. తెల్లకారు సప్పుడు లేకుండ బైపాస్ ఎక్కింది. స్పీడ్ బ్రేకర్ రాంగనె ఎర్రకారు నాటి అలవాటు మీద ఫజలుద్దీన్ కారు ఆపిండు, అదే అలవాటు మీద సేటు దిగి పక్కకు నిలబడ్డడు. ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నరు. సేటు మళ్ల ఎక్కి, నడుం పట్టుకోని మూలిగిండు.

"ఒరే ఫజల్, గా కమలవ్వ ఎంత బరువుంటదిరా?"

"ఏమో సేట్" అన్నడు ఫజలుద్దీన్, రోడ్డు మీదికెల్లి చూపు తియ్యకుండ. "భవ్యశ్రీ మేడంను అడుగుదాం. కంప్యూటర్ల ఉంటది."